హెడ్డాఫీసు, పాతిక బ్రాంచీలు: సర్వర్ల ప్లానింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో హెడ్డాఫీసు. విజయవాడ, విశాఖ, తిరుపతి, వరంగల్‌లో బ్రాంచీలు, చిన్న ఊళ్లలో డిపోలు. ఐదారు వందల మంది స్టాఫ్. ఇలాంటి కంపెనీల ఐటీ వాళ్లు ఫోన్ చేసి అడిగేవి కొన్నేళ్లుగా అవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## కొటేషన్ అడగకముందు

మాకు 600 మంది ఉన్నారు. ఎంత పెద్ద సర్వర్ తీసుకోవాలి?

తలకాయలు లెక్కపెడితే సర్వర్ సైజు తేలదు. ఒకే సమయంలో సర్వర్‌తో పని పడేవాళ్లు ఎందరు, ఒక్కో పనికి సర్వర్ ఎంతసేపు తీసుకుంటుంది, ఇవి రెండూ తెలియాలి. సెకనుకు 20 లావాదేవీలు వస్తూ ఒక్కోటి అర సెకను పడుతుంటే, ఏ క్షణంలో చూసినా సర్వర్ లోపల సుమారు 10 పనులు నడుస్తుంటాయి. ఆ పదింటికి సరిపడా కోర్లు (సీపీయూలో విడివిడిగా పనిచేసే భాగాలు), మెమరీ, డిస్క్ వేగం కావాలి. మిగతావాళ్లు ఆ క్షణంలో టీ తాగుతున్నా, కస్టమర్‌తో మాట్లాడుతున్నా సర్వర్‌కు పట్టదు.

కాబట్టి వెండర్‌కు ఫోన్ చేసేముందు ఇప్పుడున్న సర్వర్ల మీద పర్ఫార్మెన్స్ మానిటర్ పెట్టి నాలుగు వారాలు వదిలేయండి. సీపీయూ, మెమరీ, డిస్క్ లేటెన్సీ (డిస్క్ జవాబివ్వడానికి పట్టే సమయం), నెట్‌వర్క్ చాలు. ఈ అంకెలు చేతిలో లేకపోతే వెండర్ తన దగ్గర స్టాకున్న మోడల్‌నే మీకు "సరిగ్గా సరిపోయేది" అంటాడు.

మామూలు రోజుల్లో కొలిస్తే చాలదా?

చాలదు. పెళ్లి భోజనాలకు బియ్యం మామూలు రోజు లెక్కన పొయ్యరు కదా. మన కంపెనీలకు పెళ్లిరోజులు ముందే తెలుసు: జీతాల రోజు, జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కు గడువైన 11వ తేదీ, 3బీకి 20వ తేదీ, ఏడాది చివర మార్చి 31. నెల మొత్తం సగటు తీస్తే సీపీయూ ఇరవై శాతమే కనిపించవచ్చు. 10వ తేదీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా అదే సీపీయూ తొంభై దాటి ఉంటుంది. సగటును పక్కన పెట్టండి. ఆ రద్దీ రోజుల ఐదేసి నిమిషాల రీడింగులను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, పైన ఉన్న 5 శాతం కొట్టేయండి. మిగిలినవాటిలో అన్నిటికంటే పెద్దది మీ అంకె.

80 శాతం వాడకం అంటే ఇంకా 20 శాతం మిగిలి ఉన్నట్టే కదండీ?

కాగితం మీద అంతే. కౌంటర్ దగ్గర నిలబడ్డవాడికి కాదు. ఒకే కౌంటర్, జనం ఒక లెక్క లేకుండా వస్తుంటారు అనుకోండి. ఎవరూ లేనప్పుడు 1 సెకనులో అయ్యే పనికి, కౌంటర్ సగం సమయం బిజీగా ఉంటే క్యూతో కలిపి 2 సెకన్లు పడుతుంది. 80 శాతం దగ్గర 5, 90 శాతం దగ్గర 10. కోర్లు ఎక్కువ ఉంటే ఈ కష్టం కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, తప్పిపోదు. అందుకే రద్దీ వేళలో కూడా 60, 65 శాతం దాటకుండా ప్లాన్ చేస్తాను. మిగిలిన భాగాన్ని ఖాళీగా వదిలేశారని ఆడిటర్ అడిగితే ఈ మూడు అంకెలే చూపించండి.

సొంత సర్వర్లా, క్లౌడా? మా ఎండీ గారు ప్రతి మీటింగులో ఇదే అడుగుతున్నారు.

రోజంతా ఒకే తీరుగా నడిచే పెద్ద డేటాబేస్ అయితే, చూసుకునే మనుషులుంటే, ఐదేళ్ల ఖర్చు సొంత సర్వర్‌కే తక్కువ పడడం ఎక్కువ కేసుల్లో చూశాను. మెయిల్, ఫైల్ షేరింగ్, వెబ్‌సైట్, బ్యాకప్ రెండో కాపీ, నెలకు నాలుగు రోజులే లోడ్ పడే రిపోర్టులు, ఇవి క్లౌడ్‌కు. ఒకప్పుడు క్లౌడ్ అంటే సింగపూరే. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది; మైక్రోసాఫ్ట్ అజూర్‌కు 2015 నుంచి పుణె, చెన్నై, ముంబై ఉన్నాయి. దూరం అనే అభ్యంతరం ఇప్పుడు పెద్దగా నిలవదు.

ఖర్చు పోల్చేటప్పుడు జనం మర్చిపోయేవి రెండు. సొంత సర్వర్ వైపు కరెంటు, ఏసీ, ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), మనిషి జీతం. క్లౌడ్ వైపు డేటా బయటికి తీసుకున్నందుకు పడే చార్జీ.

ఒక నిబంధన కూడా ఉంది. కంపెనీల అకౌంట్స్ పుస్తకాలు ఎలక్ట్రానిక్‌గా ఉంచితే వాటి బ్యాకప్ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలి. 2022 ఆగస్టు సవరణతో అది రోజువారీ అయింది. రీజియన్ ఎంచుకునేటప్పుడు మీ సీఏను ఒక మాట అడగండి.

రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసిన) సర్వర్ సగం ధరకే వస్తోంది. తీసుకోవచ్చా?

టెస్టింగ్‌కు తీసుకోండి. బిల్లింగ్ నడిచేచోట వద్దు.

## సర్వర్లు, డిస్కులు, గది

రెండు పెద్ద సర్వర్లు మంచివా, మూడు మధ్యరకానివా?

ఒకటి పడిపోయిన రోజును ఊహించుకుని కొనాలి. రెండే ఉంటే, ఒకటి ఆగితే రెండోది మొత్తం మోయాలి. అంటే రెండింటినీ ఎప్పుడూ సగం దాటకుండా నడపాలి. మూడుంటే ఒక్కోదాన్ని మూడింట రెండొంతుల దాకా నింపొచ్చు. అదే డబ్బుకు మూడింటి లెక్కే మేలు. కాకపోతే లైసెన్సు చూసుకోండి: విండోస్ సర్వర్‌కు ప్రతి మెషీన్‌లో కనీసం 16 కోర్లకు కట్టాలి, స్టాండర్డ్ ఎడిషన్‌కు రెండే వర్చువల్ మెషీన్లు (వీఎం: ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడి సర్వర్). వీఎంలు ఒక మెషీన్‌కు పది దాటితే వీఎంలకు పరిమితి లేని డేటాసెంటర్ ఎడిషన్ ధర కూడా అడిగి పక్కపక్కన పెట్టి చూడండి.

వెండర్ రెయిడ్ 5 చాలంటున్నాడు, రెయిడ్ 10 దండగ అంటున్నాడు. ఏది నిజం?

రెయిడ్ అంటే చాలా డిస్కులను కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా నడిపే పద్ధతి. లెక్క వేద్దాం. సెకనుకు 140 సార్లు చదివే, రాసే శక్తి ఉన్న తిరిగే డిస్కులు 8 ఉన్నాయి. మొత్తం 1,120. పనిలో 60 శాతం చదవడం, 40 శాతం రాయడం అనుకుందాం. రెయిడ్ 5లో ఒక్కసారి రాయాలంటే పాతది చదివి, పారిటీ (పోయిన డిస్కును తిరిగి లెక్కగట్టే అంకె) చదివి, రెండూ తిరిగి రాయాలి, అంటే నాలుగు పనులు. రెయిడ్ 10లో రెండే. 1,120ని 2.2తో (0.6 + 0.4 × 4) భాగిస్తే రెయిడ్ 5కు సుమారు 510. 1.4తో (0.6 + 0.4 × 2) భాగిస్తే రెయిడ్ 10కు 800. డిస్కులు అవే, కేబినెట్ అదే.

ఎస్‌ఎస్‌డీల్లో (తిరిగే భాగం లేని చిప్ డిస్కుల్లో) ఈ తేడా అంత బాధించదు, ఎందుకంటే మొదటి అంకే వేలల్లో ఉంటుంది. నా పద్ధతి: డేటాబేస్‌కు ఎస్‌ఎస్‌డీ మీద రెయిడ్ 10, ఫైళ్లకు, బ్యాకప్‌కు పెద్ద డిస్కుల మీద రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా తట్టుకునేది). పది టెరాబైట్లు దాటిన తిరిగే డిస్కులకు రెయిడ్ 5 పెట్టనివ్వను. ఒకటి పోయి కొత్తది నిండేలోపు రెండోది పోతే అంతా పోయినట్టే.

వీఎం స్లోగా ఉందని సీపీయూలు 4 నుంచి 12కు పెంచాం. ఇంకా స్లో అయింది. ఇదేం వింత?

వింత కాదు. 16 కోర్ల మెషీన్ మీద 12 వర్చువల్ సీపీయూలున్న వీఎం నడవాలంటే దానికి చాలా కోర్లు దాదాపు ఒకేసారి ఖాళీగా దొరకాలి. పన్నెండు మంది ఒకే టేబుల్ కావాలని హోటల్ బయట నిలబడ్డట్టు. ఇద్దరిద్దరుగా వచ్చినవాళ్లు తిని వెళ్లిపోతుంటారు. ఈ నిరీక్షణ హైపర్‌వైజర్‌లో (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) "సీపీయూ రెడీ" అనే అంకెగా కనిపిస్తుంది. 5 శాతం దాటితే వీఎంలకు ఇచ్చిన సీపీయూలు తగ్గించండి. నాలుగుకు తేగానే బాగుపడిన కేసులు నాకు చాలా తగిలాయి. మెమరీ మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ పంచొద్దు.

వీఎంవేర్ రెన్యువల్ రేటు చూసి కళ్లు తిరిగాయి. మారిపోవాలా?

వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మేది వీఎంవేర్. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొన్నాక శాశ్వత లైసెన్సులు ఆపేసి చందా పద్ధతికి మార్చింది. విండోస్ డేటాసెంటర్ లైసెన్సు ఇప్పటికే ఉంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల అలాంటి సాఫ్ట్‌వేర్ హైపర్-వీ అందులోనే వస్తుంది. లినక్స్ తెలిసిన మనిషి ఉంటే లినక్స్ మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ చూడొచ్చు. కానీ గడువుకు రెండు నెలలే మిగిలి ఉండగా మొదలుపెట్టకండి. ముందు మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్తదానితో పనిచేస్తుందో లేదో పరీక్షించండి. మారినవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంది అక్కడే.

సర్వర్ రూమ్‌కు ఎన్ని టన్నుల ఏసీ కావాలి?

సర్వర్ తిన్న కరెంటంతా వేడిగా మారి గదిలోకే వస్తుంది. 1 కిలోవాట్ అంటే గంటకు 3,412 బీటీయూలు, 1 టన్ను అంటే 12,000. నాలుగు కిలోవాట్ల ర్యాక్‌కు లెక్కప్రకారం 1.14 టన్నులు. పడమటి గోడ, మే నెల కలుపుకుని ఒకటిన్నర టన్నువి రెండు పెట్టి, పన్నెండు గంటలకు ఒకటి చొప్పున మార్చి మార్చి నడపండి. గాలి సర్వర్‌లోకి వెళ్లేచోట 18 నుంచి 27 డిగ్రీలు చాలు. 16లో పెట్టి కరెంటు కాల్చక్కర్లేదు.

ఏసీ యూపీఎస్ మీద ఉండదు, జనరేటర్ మీద తప్పకుండా ఉండాలి. ఇంకో సంగతి. ఒకచోట మే నెలలో శనివారం రాత్రి లైట్లు ఆపుతూ వచ్చిన వాచ్‌మన్, లోపల ఎవరూ లేరు కదా అని ఏసీలు కూడా ఆపేశాడు. పాపం, ఆయన ఉద్దేశం మంచిదే. ఆదివారం మధ్యాహ్నానికి స్టోరేజీ తనంతట తనే షట్‌డౌన్ అయింది. ఆ తర్వాత రిమోట్ తాళం వేసిన సొరుగులోకి వెళ్లింది, 30 డిగ్రీలు దాటితే ఫోన్‌కు ఎస్సెమ్మెస్ పంపే చిన్న సెన్సర్ గోడ మీదకు వచ్చింది.

## బ్రాంచీలు, లింకులు

హెడ్డాఫీసులో పరుగెత్తే సాఫ్ట్‌వేర్ వైజాగ్‌లో పాకుతోంది. లింకు 20 నుంచి 100 ఎంబీపీఎస్‌కు పెంచినా అంతే. ఎందుకు?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగింది ఇదే, అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే.

రోడ్డు వెడల్పు చేస్తే ఒకేసారి ఎక్కువ బస్సులు పడతాయి, విశాఖ దగ్గరికి రాదు. కాంతి ఫైబర్‌లో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల కేబుల్ మీద వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు ఎలాగూ కావాలి. మధ్యలో రౌటర్లు, చుట్టుదారులు అదనం.

ఒక కంపెనీలో స్టాప్‌వాచ్ పట్టుకుని నేనే చూశాను. విశాఖ డిపోలో 40 వరుసల ఇన్‌వాయిస్ తెరవడానికి 12 సెకన్లు. హెడ్డాఫీసుకు పింగ్ (ఒక్క మాట వెళ్లి రావడానికి పట్టే సమయం) 18 మిల్లీసెకన్లు. పంపిన ప్యాకెట్లన్నీ రికార్డు చేసి చూస్తే, ఆ స్క్రీన్ ఒక్కో వరుసకు స్టాక్ ఎంత, రేటు ఎంత, జీఎస్టీ ఎంత అంటూ 16 సార్లు డేటాబేస్‌ను విడివిడిగా అడుగుతోంది. 40 వరుసలకు 640 సార్లు. 640ని 18తో గుణిస్తే పదకొండున్నర సెకన్లు. హెడ్డాఫీసులో అర మిల్లీసెకను చొప్పున అదే 640కి మూడో వంతు సెకను. అంతకుముందే వాళ్లు సర్వర్ మార్చారు, లింకు పెంచారు. ఈ లెక్కలో ఆ రెండూ ఎక్కడా రావు.

దారులు రెండు. డెవలపర్ అందుబాటులో ఉంటే 640 ప్రశ్నలను ఒకటి రెండు పెద్ద ప్రశ్నలుగా కలపమనండి. లేకపోతే ప్రోగ్రామ్‌ను హెడ్డాఫీసులోని టెర్మినల్ సర్వర్ మీదే నడిపి, స్క్రీన్ మాత్రమే విశాఖకు పంపండి. ఫైళ్లు షేర్ చేసి నడిపే పాత అకౌంట్స్ ప్యాకేజీలకు రెండోదే మందు. వాటిని వీపీఎన్ (ఇంటర్నెట్‌లో హెడ్డాఫీసుకు వేసుకున్న భద్రమైన దారి) మీద నేరుగా తెరవడం స్లో మాత్రమే కాదు, మధ్యలో లింకు తెగితే డేటా పాడవుతుంది కూడా.

నలభై మంది ఉన్న బ్రాంచికి ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలి?

టెర్మినల్ సర్వర్ వాడేవాళ్లకు మనిషికి 150 కేబీపీఎస్ వేసుకుంటే 6 ఎంబీపీఎస్. ఒకేసారి ఆరుగురు వీడియో కాల్‌లో ఉంటే ఇంకో 9. మెయిలు, బ్రౌజింగ్ కలిపి 30 దగ్గర తేలుతుంది. 50 తీసుకోండి. అసలు ముప్పు విండోస్ అప్‌డేట్ల రోజు: నలభై కంప్యూటర్లు అదే ఫైలును నలభై సార్లు లాగుతాయి. ఒకటి దించుకుని మిగతావాటికి పంచేలా డెలివరీ ఆప్టిమైజేషన్ సెట్ చేయండి.

రెండు కంపెనీల లింకులు పెట్టాం. అయినా రెండూ ఒకేసారి పోయాయి!

కంపెనీలు రెండే, గొయ్యి ఒకటే అయి ఉంటుంది. 99.5 శాతం హామీ అంటే ఏడాదికి దాదాపు 44 గంటలు లింకు లేకపోయినా వాళ్లు మాట తప్పనట్టే. నిజంగా సంబంధం లేని రెండు లింకులుంటే, రెండూ ఒకేసారి పోయే సమయం ఏడాదికి 13 నిమిషాలకు పడిపోతుంది. "నిజంగా సంబంధం లేని" అన్నచోటే అందరం బోల్తా పడతాం. రోడ్డు వెడల్పు పనుల్లో ఒక్క జేసీబీ పంజాకు రెండు కేబుళ్లూ కలిసి పైకి రావడం కళ్లారా చూశాను. నల్లటి పైపు ఒకటి, నారింజ రంగుది ఒకటి, జానెడు దూరంలో.

ఆర్డర్ ఇచ్చేముందు బిల్డింగ్‌లోకి కేబుల్ ఏ వైపు నుంచి వస్తుందో ఇద్దరినీ గీసి చూపించమనండి. రెండోది గాలిలో వచ్చేదైతే, అంటే రేడియో లింకు గానీ 5జీ గానీ అయితే, ఇంకా మేలు. ఐదు కోట్ల టర్నోవర్ దాటినవాళ్లు ఈ-ఇన్‌వాయిస్ నంబరు పోర్టల్ నుంచి తెచ్చుకోవాలి. లింకు లేని గంటసేపూ గేటు దగ్గర లారీలు ఆగుతాయి.

ప్రతి బ్రాంచిలోనూ ఒక సర్వర్ ఉండాలా?

అక్కర్లేదు. పాతిక ముప్పై మంది దాకా, లింకులు రెండు ఉంటే, ఏమీ పెట్టకండి. తాళం లేని బీరువా పక్కన సర్వర్ ఉండడం కంటే లేకపోవడమే భద్రం. పెద్ద బ్రాంచిలో లాగిన్ కోసం డొమైన్ కంట్రోలర్ కావాలనుకుంటే, 2008 విండోస్ సర్వర్ నుంచి ఉన్న రీడ్-ఓన్లీ రకం పెట్టండి. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోయినా అందరి పాస్‌వర్డ్‌లూ పోవు. యాక్టివ్ డైరెక్టరీలో (విండోస్ లాగిన్ల జాబితాలో) ఆ బ్రాంచి సబ్‌నెట్‌ను (దాని నెట్‌వర్క్ అడ్రసుల వరుసను) దాని సైట్‌కు కలపడం మర్చిపోతే, తిరుపతి కంప్యూటర్ పక్కనున్న సర్వర్‌ను వదిలేసి వరంగల్‌లో లాగిన్ అడుగుతుంది.

## బ్యాకప్, ప్రమాదాలు

రోజూ "బ్యాకప్ సక్సెస్" అని మెయిల్ వస్తోంది. ఇంకేం చేయాలి?

వెనక్కి తెచ్చి చూడాలి. ఒక ఆఫీసులో పదకొండు నెలలు ఆ పచ్చ టిక్కు వచ్చింది. డేటాబేస్‌ను డీ డ్రైవ్ నుంచి ఈ డ్రైవ్‌కు మార్చినప్పుడు బ్యాకప్ జాబ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఖాళీ ఫోల్డర్‌ను అది రోజూ శ్రద్ధగా, విజయవంతంగా కాపీ చేస్తూ వచ్చింది. మూడు నెలలకోసారి వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, అకౌంట్స్ మనిషినే కూర్చోబెట్టి నిన్నటి చివరి బిల్లు నంబరు చదివించండి.

కాపీలు మూడు, రెండు రకాల మీడియాలో, ఒకటి వేరే చోట. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వచ్చాక ఇంకో షరతు కలిసింది: ఒక కాపీని అడ్మిన్ పాస్‌వర్డ్‌తో కూడా చెరపలేకుండా ఉంచాలి.

క్లౌడ్‌లో బ్యాకప్ ఉంది. సర్వర్ పోతే ఎంతసేపట్లో లేస్తాం?

ఒక టెరాబైట్‌ను 100 ఎంబీపీఎస్ లింకు మీద దించడానికి, లింకు మొత్తం దానికే ఇచ్చినా 22 గంటలు. ఐదు టెరాబైట్లయితే నాలుగున్నర రోజులు. అందుకే ఆఫీసులో ఒక కాపీ ఉండాలి, లేదా క్లౌడ్‌లోనే సర్వర్ లేపే ఏర్పాటు ఉండాలి. ఎన్ని గంటలు ఆగగలం, ఎన్ని నిమిషాల డేటా పోయినా తట్టుకోగలం అన్నవి ఐటీ చెప్పే అంకెలు కావు. ఎండీ చేత రాయించి సంతకం తీసుకోండి.

డీఆర్ సైట్ (ప్రమాదం వస్తే పని నడిపే రెండో చోటు) ఎక్కడ పెట్టాలి? మాకు వైజాగ్‌లో సొంత బిల్డింగ్ ఉంది.

సొంత బిల్డింగ్ ఉందని డీఆర్ సైట్ పెట్టరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగాయి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ సెల్లార్లలోకీ నీళ్లొచ్చాయి. ప్రధాన సర్వర్లు తీరంలో ఉంటే రెండోది లోపలి జిల్లాల వైపు ఉండాలి, రెండింటికీ ఒకే తుపాను, ఒకే నది తగలకూడదు. ఎక్కడైనా సరే సెల్లార్‌లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో వద్దు.

లాగులు (సర్వర్లలో ఎప్పుడు ఏం జరిగిందన్న రికార్డులు) ఎన్నాళ్లు ఉంచాలి?

కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం 180 రోజులు. సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి. గడియారాలన్నీ ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ అనే కేంద్ర సంస్థల టైమ్ సర్వర్లతో, లేదా వాటితో కలిసే సర్వర్లతో కలిపి ఉంచాలి. గడియారం సంగతి చిన్నగా తీసుకోకండి. ఐదు నిమిషాలు తేడా వస్తే విండోస్ డొమైన్‌లో లాగిన్లే ఆగుతాయి.

## నడుస్తున్నప్పుడు

"సిస్టమ్ స్లో" అని ఫోన్ వస్తే మొదట ఏం చూడాలి?

మొదట అడగాలి. మీ ఒక్కరికా, బ్రాంచికంతా? ఒక్క స్క్రీనా, అన్నీనా? పొద్దున బాగుందా? ఒక్కరికే అయితే ఆ కంప్యూటర్, బ్రాంచికంతా అయితే లింకు, అందరికీ ఒకే స్క్రీన్ అయితే డేటాబేస్. ఇంత తేలాకే సర్వర్ తెరవండి. అక్కడ ముందు డిస్క్ లేటెన్సీ చూడండి: ఎస్‌ఎస్‌డీకి ఒకటి రెండు మిల్లీసెకన్లు మామూలు, 20 దాటి నిలబడితే కారణం దొరికినట్టే. పగలు పదకొండింటికి స్లో అయితే రాత్రి మొదలైన బ్యాకప్ ఇంకా నడుస్తోందేమో చూడండి. ఎన్నోసార్లు దొంగ అక్కడే దొరికాడు.

సర్వర్లు ఎన్నేళ్లకు మార్చాలి?

హార్డ్‌వేర్ ఐదేళ్లు, వారంటీతో ఆరో ఏడు లాగొచ్చు. దానికంటే సాఫ్ట్‌వేర్ గడువే ముందు తలుపు తడుతుంది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2023 అక్టోబరు 10తో ముగిసింది. 2016 ఎడిషన్‌కు గడువు 2027 జనవరి 12, 2019కి 2029 జనవరి 9. బడ్జెట్ ఏప్రిల్‌లో ఖాయమవుతుంది కాబట్టి గడువుకు కనీసం ఏడాది ముందు వచ్చే డిసెంబరులోనే ఫైలు కదపండి.

ఐటీలో మేమిద్దరమే ఉన్నాం. ఇవన్నీ ఎప్పుడు చేయాలి?

అన్నీ చేయలేరు, చేయబోకండి. సోమవారం పొద్దున అరగంట: బ్యాకప్ జాబులు, డిస్కుల్లో ఖాళీ, పోయిన డిస్కుల ఎర్ర లైట్లు. నెలకో శనివారం: ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు), ఒక బ్రాంచిలో మొదటి లింకు కేబుల్ పీకి రెండోది ఎత్తుకుందో లేదో చూడడం. మూడు నెలలకోసారి రీస్టోర్. మిగతా పని, అంటే ప్రింటర్లు, పాస్‌వర్డ్‌లు, కొత్త లాప్‌టాప్‌లు, బయటి ఏజెన్సీకి ఇచ్చేయండి. ఒక్క కేబుల్ పీకే పని మాత్రం ఇవ్వకండి. ఏజెన్సీ వాళ్లు ఫోన్‌లోనే "చెక్ చేశాం సర్, ఓకే" అంటారు.